సాన్ సెబాస్టియానో మెట్లు దిగేముందు

పిల్లలూ,

రోమ్‌లో నేల కింద సమాధులున్న పాత చర్చి చూడ్డానికి వెళ్తున్నామని, మీలో ఒకరికి ఎప్పుడెప్పుడు దిగుదామా అని ఉంటే ఇంకొకరికి లోపల ఎముకలుంటాయేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ముందు ఆ టెన్షన్ సంగతి తేల్చేద్దాం. మిమ్మల్ని తిప్పే దారుల్లో ఎముకలు దాదాపు కనిపించవు, ఆ సమాధులు చాలావరకు వెయ్యేళ్ళ కిందటే ఖాళీ అయిపోయాయి, ఎందుకో తర్వాత చెప్తాను. లోపల లైట్లుంటాయి, గైడు లేకుండా ఎవరినీ పంపరు. ఎండాకాలంలో కూడా చల్లగా, తేమగా ఉంటుంది కాబట్టి ఒక స్వెటర్ వేసుకోండి. ఇక భయం సంగతి వదిలేయండి, ఎందుకంటే భయంతో దిగినవాళ్ళు చీకటినే చూస్తారు గానీ గోడల్ని చూడరు, అక్కడ చూడాల్సిందంతా గోడల్లోనే ఉంది.

మీరు వెళ్ళే చర్చి పేరు సాన్ సెబాస్టియానో. రోమ్ పాత ప్రాకారం దాటి కొంచెం దూరం వెళ్తే ఆప్పియన్ రోడ్డు మీద వస్తుంది. ఆ రోడ్డు వేయడం మొదలుపెట్టింది క్రీ.పూ. 312లో. దాని పక్కన ఇన్ని సమాధులు ఎందుకున్నాయని మీకు అనుమానం రావాలి. చనిపోయినవాళ్ళని ఊళ్ళో పూడ్చకూడదు, కాల్చకూడదు అని రోమన్ల అతి పాత చట్టం, అంటే క్రీ.పూ. 450 ప్రాంతంలో 12 పలకల మీద రాసిపెట్టిన చట్టం చెప్పింది. అందుకని ఊరు దాటగానే రోడ్లకి రెండు పక్కలా సమాధులు లేచాయి. డబ్బున్నవాళ్ళు రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనిపించేలా కట్టుకున్నారు. లేనివాళ్ళు? వాళ్ళకి రోడ్డు పక్కన అంత జాగా ఎవరిస్తారు? పైగా క్రీ.శ. రెండో శతాబ్దం నుంచి రోమ్‌లో కాల్చడం తగ్గి పూడ్చడం పెరిగింది, పూడ్చాలంటే ఇంకా ఎక్కువ చోటు కావాలి, నేల ఖరీదు చూస్తే సామాన్యులకి అందేది కాదు. పైన చోటు లేకపోతే కిందికి వెళ్ళారు.

కిందికి వెళ్ళడం వాళ్ళకి సాధ్యమైంది ఆ రాయి వల్లే. రోమ్ చుట్టుపక్కల నేల అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి ఏర్పడింది, దాన్ని టఫ్ అంటారు. తవ్వేటప్పుడు మెత్తగా పలుగుకి లొంగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే కప్పుకి దూలాలు, స్తంభాలు పెట్టకుండానే అన్ని కిలోమీటర్ల సొరంగాలు ఇప్పటికీ నిలబడ్డాయి. ఇలా నేల కింద తవ్విన సమాధి సొరంగాల్ని కాటకోంబ్స్ అంటారు. దగ్గరలోనే ఉన్న కాలిస్టస్ కాటకోంబ్స్‌లో సొరంగాలన్నీ కలిపితే 20 కిలోమీటర్ల దాకా ఉంటాయి, అదీ ఒకదాని కింద ఒకటిగా నాలుగు అంతస్తుల్లో. ఇదంతా నూనె దీపాల వెలుగులో, చేతి పనిముట్లతో, మట్టిని బుట్టలకెత్తి పైకి మోసి చేసిన పని. ఈ పని చేసేవాళ్ళు ప్రత్యేకంగా ఉండేవాళ్ళు, క్రైస్తవ సంఘంలో వాళ్ళకి గౌరవం కూడా ఉండేది. డొమిటిల్లా కాటకోంబ్స్‌లో డయోజెనిస్ అనే ఒక తవ్వకం మనిషి సమాధి మీద అతని బొమ్మే వేశారు, పలుగు భుజాన వేసుకుని, దీపం చేత్తో పట్టుకుని నిలబడినట్టు. రాజుల బొమ్మలు ఎక్కడైనా ఉంటాయి, మట్టి తవ్వినవాడి బొమ్మ పేరుతో సహా దొరకడం నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించే విషయం.

లోపలికి వెళ్ళగానే సన్నటి దారికి రెండు పక్కలా గోడల్లో రైలు బెర్తుల్లా వరుసగా అరలు కనిపిస్తాయి. ఒక్కో అర ఒక్కో మనిషిది. శవాన్ని గుడ్డలో చుట్టి, పెట్టె లేకుండా, అందులో పడుకోబెట్టి ముందువైపు చలువరాయి పలకతోనో పెంకులతోనో మూసి సున్నంతో అతికేవాళ్ళు. ఇక్కడ ఒక కిటుకు చెప్తాను, గైడు చెప్పకపోయినా మీరే గమనించండి. చాలా చోట్ల పై వరుసలో ఉన్న అరలే పాతవి. గోడ నిండిపోయాక ఇంకా చోటు కావాలంటే నేలని మరికాస్త లోతుకి తవ్వి, కొత్తగా బయటపడిన గోడలో కొత్త అరలు చెక్కేవాళ్ళు. కాబట్టి మీరు తలెత్తి చూస్తున్న అర దగ్గర ఒకప్పుడు మనుషులు మామూలుగా నిలబడి ఏడ్చారు, అప్పటి నేల అంత ఎత్తులో ఉండేది.

సాన్ సెబాస్టియానోకి ప్రత్యేకంగా వెళ్ళమని నేను చెప్పడానికి కారణం వేరే ఉంది. ఇక్కడ మొదట ఒక గని ఉండేది, సున్నంలో కలపడానికి అగ్నిపర్వతపు మట్టిని తవ్వుకునేవాళ్ళు. గని పని ఆగిపోయాక ఆ గుంటలో సమాధులు వెలిశాయి, క్రైస్తవులవి కావు, రోమన్ దేవతల్ని కొలిచేవాళ్ళవి. 1922లో పురావస్తువాళ్ళు చర్చి కింద తవ్వుతుంటే ఆ గుంటలో చిన్న ముంగిలి, దాని చుట్టూ ఇటుకలతో కట్టిన మూడు సమాధి గృహాలు బయటపడ్డాయి. ఒకదాని గుమ్మం మీద మార్కస్ క్లోడియస్ హెర్మెస్ అని యజమాని పేరు ఇప్పటికీ చదవొచ్చు. ఇంకోదాంట్లో గచ్చుతో చేసిన ద్రాక్ష తీగలు, ఆకులతో సహా, నిన్న మొన్న చేసినంత తెల్లగా ఉన్నాయి. అవి అంత బాగా ఎందుకున్నాయంటే మూడో శతాబ్దం మధ్యలో ఆ గుంట మొత్తాన్ని మట్టితో పూడ్చేసి, పైన చదును చేసేశారు. పూడ్చడమే వాటిని కాపాడింది.

ఆ చదును మీద ఏం కట్టారంటే, ఒక పక్క తెరిచి ఉన్న మండపం లాంటిది, గోడ పొడవునా కూర్చోడానికి అరుగుతో. 258 నుంచి ఇక్కడ క్రైస్తవ మతాన్ని మొదట్లో చాటిన పేతురునీ పౌలునీ తలుచుకునేవాళ్ళు. వాళ్ళిద్దరి అస్థికలు కొన్నాళ్ళు నిజంగా ఇక్కడ ఉంచారా లేదా అనేది పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అది వాళ్ళకి వదిలేయండి. మీరు చూడాల్సింది ఆ మండపం గోడ. జనం ఇక్కడికి వచ్చి, కలిసి భోజనం చేసి, పోయినవాళ్ళని తలుచుకుని, వెళ్ళేముందు గోడమీద మొనదేలిన దేనితోనో గీసి వెళ్ళారు. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి, లాటిన్‌లో కొన్ని, గ్రీకులో కొన్ని. ఒకటి ఇలా ఉంటుంది, "పౌలూ, పేతురూ, విక్టర్ కోసం వేడుకోండి." ఆ విక్టర్ ఎవరో, జబ్బుపడ్డాడో, దూర ప్రయాణంలో ఉన్నాడో, చనిపోయాడో ఎవరికీ తెలియదు. రాసినవాళ్ళ అక్షరాలు వంకర, వరసలు ఎగుడుదిగుడు, ఒకరు రాసినదాని మీదే ఇంకొకరు రాశారు. పెద్ద చదువులు చదివినవాళ్ళ రాతలు కావవి. చర్చి చరిత్ర అంటే పోపుల పేర్లు, చక్రవర్తుల పేర్లు అనుకుంటాం గానీ, నా లెక్కలో ఆ గోడే అసలు చరిత్ర.

తర్వాత నాలుగో శతాబ్దంలో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో, దీనన్నిటి మీద బసిలికా, అంటే పెద్ద చర్చి, లేచింది. ఇప్పుడు మీకు పైన కనిపించే చర్చి మాత్రం 17వ శతాబ్దం మొదట్లో కార్డినల్ షిపియోనే బోర్గేసే తిరిగి కట్టించినది. అంటే మీరు పైనుంచి దిగుతుంటే చర్చి, దాని కింద జనం రాతల గోడ, దాని కింద రోమన్ల సమాధులు, దానికీ ముందు గని. దిగేటప్పుడు ఈ వరస గుర్తుపెట్టుకుంటే ఎక్కడా అయోమయం ఉండదు.

ఇప్పుడు మీకు సినిమాల్లో, కథల్లో ఎక్కించిన ఒక మాట తీసేయాలి. క్రైస్తవులు రాజభటులకి దొరక్కుండా ఈ సొరంగాల్లో దాక్కుని బతికారంటారు, అది నిజం కాదు. వందల శవాలున్న చోట, గాలి సరిగా ఆడని చోట కుటుంబాలు ఎలా బతుకుతాయి? అసలు ఈ చోట్లు రహస్యమే కాదు. 257లో వలేరియన్ చక్రవర్తి క్రైస్తవులు సమాధి స్థలాల్లో గుమిగూడకూడదని ఆజ్ఞ వేశాడు, తెలియని చోటు గురించి ఎవరైనా ఆజ్ఞ వేస్తారా? ఆ మరుసటి ఏడాది ఆగస్టు 6న రెండో సిక్స్‌టస్ పోపుని సమాధి స్థలంలోనే పట్టుకుని చంపారు. ఇది దాక్కునే చోటు కాదు పిల్లలూ, పోయినవాళ్ళ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చే చోటు. డబ్బున్నవాళ్ళు తమ భూమి ఇచ్చారు, మిగతావాళ్ళు తలా కొంత వేసుకున్నారు, బీదవాళ్ళకి కూడా ఒక అర దక్కింది. కాలిస్టస్ కాటకోంబ్స్ అన్నాను కదా, ఆ కాలిస్టస్ ఒకప్పుడు బానిస. తర్వాత ఆ సమాధి స్థలం బాధ్యత అతనికి అప్పగించారు, ఇంకొన్నేళ్ళకి, సుమారు 217లో, అతనే పోపు అయ్యాడు. బానిసగా బతికినవాడు చూసుకున్న సమాధి స్థలంలో, ఒకే గదిలో, ఆ తర్వాత తొమ్మిది మంది పోపుల్ని పడుకోబెట్టారు.

అరల పొడవు చూడండి. కొన్ని మీ చేయంత కూడా ఉండవు. అవి పసిపిల్లలవి, చాలా ఎక్కువ ఉంటాయి, అప్పట్లో అంతమంది పిల్లలు చిన్నప్పుడే పోయేవాళ్ళు. పెద్దవాళ్ళ పలకల మీద చాలాసార్లు వయసు సుమారుగా ఇన్నేళ్ళు అని ఉంటుంది, పుట్టిన రోజు ఎవరికి గుర్తు! పిల్లల పలకల మీద మాత్రం ఇన్నేళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని రోజులతో సహా చెక్కించినవి ఎన్నో ఉన్నాయి. రోజులు లెక్కపెట్టుకున్నది ఎవరో నేను చెప్పక్కర్లేదు. చెక్కించే స్తోమత లేనివాళ్ళు, చదువురానివాళ్ళు ఇంకో పని చేశారు. పలక అతికిన సున్నం ఇంకా పచ్చిగా ఉండగానే అందులో ఏదో ఒక వస్తువు నొక్కేవాళ్ళు, ఒక నాణెం, గవ్వ, గాజు ముక్క, చిన్న దీపం, పాప ఆడుకున్న బొమ్మ. మళ్ళీ వచ్చినప్పుడు వందల అరల మధ్య తమ బిడ్డ అర ఏదో గుర్తుపట్టడానికి. కొన్నిచోట్ల వస్తువు ఊడిపోయినా అది ఉన్న గుంట మిగిలి ఉంటుంది. అలాంటిది కనిపిస్తే దయచేసి అక్కడ ఒక్క నిమిషం ఆగండి, గుంపు ముందుకెళ్ళినా పరవాలేదు, గైడు కోప్పడితే నా పేరు చెప్పండి.

ఖాళీ ఎందుకయ్యాయో చెప్తానన్నాను. రోమ్ బలహీనపడ్డాక దండెత్తి వచ్చిన గోత్‌లు, తర్వాత లొంబార్డ్‌లు ఊరి బయట ప్రాంతాల్ని దోచారు, సమాధుల్నీ వదల్లేదు. అందుకని ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో పోపులు వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ, అస్థికల్ని తీయించి ఊళ్ళో చర్చిలకి మార్పించారు. ఇంక జనం రావడం మానేశారు, దారులు మట్టితో మూసుకుపోయాయి, చాలా కాటకోంబ్స్ ఎక్కడున్నాయో కూడా మర్చిపోయారు. సాన్ సెబాస్టియానోకి మాత్రం యాత్రికులు రావడం ఆగలేదు, అదీ దీని గొప్ప. మిగతావి మళ్ళీ వెలుగు చూసింది 1578 తర్వాత. ఆంటోనియో బోసియో అనే ఆయన జీవితమంతా ఈ సొరంగాల్లోనే గడిపాడు. 1593లో, ఇంకా 20 ఏళ్ళు కూడా సరిగా నిండకముందే, స్నేహితులతో డొమిటిల్లాలోకి దిగి దారి తప్పాడు, వెలుగు అయిపోతుందేమోనని బెంబేలెత్తి చివరికి ఎలాగో బయటపడ్డాడు. మర్నాటి నుంచి మానేశాడా అంటే లేదు, మరింత జాగ్రత్తగా వెళ్ళడం మొదలుపెట్టాడు. గోడల మీద ఆయన రాసుకున్న పేరు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. మీరు మాత్రం ఆయన్ని చూసి గోడమీద రాయకండి. అసలు గోడని ముట్టుకోనే వద్దు. వేళ్ళ జిడ్డు, మనం వదిలే ఊపిరిలో తేమ, ఆఖరికి లైట్ల వెలుగు కూడా ఆ గోడలకి చేటు, లైటు పడిన చోట పచ్చటి నాచు పడుతుంది. ఫొటోలు కూడా తీయనివ్వరు, ఫోను జేబులోంచి తీయకండి.

పైకి వచ్చాక చర్చిలో ఎడమా కుడీ తిరిగి చూడండి. ఈ చర్చికి ఎవరి పేరు పెట్టారో ఆ సెబాస్టియన్ పాలరాతి విగ్రహం ఉంటుంది, పడుకుని ఉన్నట్టు, ఒంటికి బాణాలతో. డయోక్లీషియన్ చక్రవర్తి కాలపు సైనికుడు, బాణాలతో కొట్టినా చావలేదని, ఐరీన్ అనే ఆవిడ గాయాలు కట్టి బతికించిందని, కోలుకున్నాక పారిపోకుండా చక్రవర్తి ఎదుటికే వెళ్ళి నిలదీస్తే ఈసారి కర్రలతో కొట్టి చంపారని కథ. బెర్నీని అనే పేరున్న శిల్పి ముసలితనంలో చెక్కినదిగా భావించే క్రీస్తు శిల్పం కూడా అక్కడే ఉంది, 2001లో పక్కనున్న మఠంలో బయటపడింది.

టైము మిగిలితే అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకి నడవండి. సెసీలియా మెటెల్లా సమాధి వస్తుంది, కోట బురుజంత గుండ్రటి కట్టడం. అంత పెద్దది కట్టి దాని మీద ఆవిడ తండ్రి పేరు, భర్త పేరు రాశారు, ఆవిడ ఎన్నాళ్ళు బతికిందో రాయలేదు.

వెళ్ళేముందు ఏ రోజు సెలవో కనుక్కోండి, ఒక్కో కాటకోంబ్స్‌కి ఒక్కో రోజు మూసేస్తారు. గట్టి చెప్పులు వేసుకోండి, మెట్లు చాలా ఉంటాయి. వచ్చాక నాకు ఉత్తరం రాయండి, లోపల పలకల మీద మీరు చదవగలిగిన పేర్లన్నీ రాసి పంపండి.

మీ తాతయ్య