లోబో కుంటితే హాలు నవ్వుతోందా? మూకీల వేగంపై అపోహలు, వాస్తవాలు

'క్లాష్ ఆఫ్ ద వుల్వ్స్' (1925, వార్నర్ బ్రదర్స్) వేద్దామనుకునే ఫిల్మ్ సొసైటీల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే: "మూకీయే కదండీ, సెకనుకు 16 ఫ్రేముల (బొమ్మల) వేగంలో పెట్టేస్తే సరిపోతుందా?"

సరిపోదు. ప్రదర్శనల్ని ఎక్కువగా పాడుచేస్తున్న అపోహ ఇదే.

కెమెరా హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే 8 ఫ్రేములు. సెకనుకు రెండు చుట్లు, అంటే 16. ఈ లెక్క ఎక్కడో చదివి మూకీలన్నిటికీ అంటగడుతున్నారు. తిప్పింది మనిషి చెయ్యి. గుర్రాల ఛేజింగ్ జోరుగా కనిపించాలని కావాలనే నెమ్మదిగా తిప్పేవాళ్లు. పైగా తీసిన వేగానికే థియేటర్లో వేసేవాళ్లు కాదు, ఇంకాస్త పెంచేవాళ్లు. 1925 నాటి హాలీవుడ్ చిత్రాలు చాలావరకు 20-24 మధ్య కుదురుతాయి.

తేడా ఎంతంటే: 35 ఎంఎం వెడల్పు ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. 6,500 అడుగుల సినిమా 16లో 108 నిమిషాలు, 20లో 87, 24లో 72. ఈ చిత్రంలో రిన్ టిన్ టిన్ అనే కుక్క వేసిన, తోడేళ్ల మందకు నాయకుడైన లోబో పంజాలో ముల్లు దిగి, మందను వదిలి కుంటుకుంటూ పోతుంది. వేగం ఎక్కువైతే ఆ కుంటు గెంతులా కనబడి జనం నవ్వుతారు. తక్కువైతే దూకిన కుక్క గాలిలో తేలుతుంది.

వేగం తేల్చడానికి ఛేజింగ్ సీన్లు పనికిరావు. నీళ్లు ఒంపడం, దుమ్ము కిందికి దిగడం, మనిషి మామూలుగా నడవడం, తోక ఊపడం లాంటివి వేర్వేరు రీళ్ల నుంచి నాలుగైదు ఏరండి. ఒక్కోదాన్నీ 18, 20, 22, 24లో వేసి చూడండి. బరువున్న వస్తువు పడే తీరు అబద్ధం చెప్పదు. ఆ సినిమాకు సంగీతం క్యూ షీట్ (ఏ సీనుకు ఏ సంగీతం, ఎంతసేపు వాయించాలో రాసిన కాగితం) దొరికితే అందులోని నిమిషాలతో సరిచూసుకోండి.

స్కాన్ చేయించేటప్పుడు ఒక ఫిల్మ్ ఫ్రేముకు ఒకే డిజిటల్ ఫ్రేము ఉండాలి. వేగం సంగతి చివర్లో. 24 ఫైల్ కావాలంటే 20కి ప్రతి 5 ఫ్రేముల్లో ఒకటి, 18కి ప్రతి 3లో ఒకటి రెండోసారి పెడితే చాలు. సాఫ్ట్‌వేర్‌తో లేని ఫ్రేములు పుట్టించి 60కి సాగదీయకండి. పరిగెత్తే కాళ్లు మసకగా అతుక్కుపోతాయి, కుక్క నడక చచ్చిపోతుంది.

ఫిల్మ్ మీదే వేస్తుంటే ప్రొజెక్టర్ షట్టర్ (తిరుగుతూ కాంతిని ఆపి వదిలే రెక్కలు) చూసుకోండి. రెండు రెక్కల షట్టర్ 24లో సెకనుకు 48 సార్లు వెలుగిస్తుంది, 16లో 32 సార్లే. అందుకే మినుకుమినుకు. నెమ్మది వేగాలకు మూడు రెక్కలది కావాలి. గేటు (కాంతి ముందు ఫిల్మ్ నిలిచే కిటికీ) కూడా మూకీదే ఉండాలి. టాకీ గేటు పెడితే సౌండ్ ట్రాక్ వైపు బొమ్మ తెగి, టైటిల్ కార్డుల్లో మొదటి అక్షరాలు మాయమవుతాయి.

మిగతావి గబగబా. మూకీలన్నీ నలుపు-తెలుపు అనుకోవద్దు. రాత్రికి నీలం, అగ్నిప్రమాదానికి ఎరుపు అద్దడం మామూలే. అన్ని సాహసాలూ ఒకే కుక్క చేసిందనీ అనుకోవద్దు, డూప్ కుక్కలుండేవి. మొదటి ఉత్తమ నటుడి ఆస్కార్ ఓట్లలో రిన్ టిన్ టిన్ గెలిచిందన్న కథకు గట్టి ఆధారం లేదు. అందుకున్నది ఎమిల్ యానింగ్స్. ఇలాంటివి పోస్టర్ల మీద అచ్చేయకండి.

ఇంట్లో పాత రీలు దొరికి "అంటుకుంటుందేమో" అని భయపడేవాళ్లకు ఒక మాట. మీ భయం అర్థం లేనిది కాదు. 35 ఎంఎం నైట్రేట్ (అప్పట్లో వాడిన, తేలిగ్గా అంటుకునే ఫిల్మ్) మండితే నీళ్లు పోసినా ఆగదు, దానికి కావలసిన ఆక్సిజన్ అదే ఇచ్చుకుంటుంది. కానీ అప్పట్లో ఇళ్లలో చూసుకోవడానికి అద్దెకిచ్చిన 16 ఎంఎం కాపీలు సేఫ్టీ ఫిల్మే, అంటే అంత తేలిగ్గా అంటుకోనివి. ముందు వెడల్పు కొలవండి. 35 ఎంఎం అయితే అంచున "సేఫ్టీ" అని ఉన్నా నమ్మకండి, ఆ అక్షరాలు వేరే కాపీ నుంచి అచ్చుపడి ఉండొచ్చు. చిన్న ముక్క కాల్చి చూడటం అసలే వద్దు. గాలాడే చల్లని చోట, నిప్పుకు దూరంగా పెట్టి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లను అడగండి.