గ్లాడిస్ గారి పదవి ఎందుకు పోయింది

చిన్నూ, మిన్నీ, మీ ఇద్దరికీ సిడ్నీ నుంచి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న మిన్నీ ఫోన్లో అడిగింది కదా, "అమ్మమ్మా, బాయ్‌ఫ్రెండ్ ఉన్నందుకు ఆవిడ సీఎం పదవి పోయిందా" అని. ఇక్కడ కూడా చాలామంది అలాగే అనుకుంటారు, పైగా జాలి పడతారు. అసలు సంగతి అది కాదు, ఫోన్లో తేలే ముచ్చటా కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆవిడ పేరు గ్లాడిస్ బెరెజిక్లియన్, మా సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి ప్రీమియర్‌గా చేసింది. ఆర్మేనియా వాళ్ళు. 1915లో టర్కీలో ఆర్మేనియన్లని ఊచకోత కోశారు, చరిత్ర పుస్తకంలో రెండు లైన్లు ఉంటాయేమో చూడండి, అందులో ఆవిడ తాతలూ నాయనమ్మలూ అమ్మానాన్నల్ని పోగొట్టుకుని అనాథలైపోయారు. అలా చెదిరిపోయిన కుటుంబాల్లో నాన్న సిరియాలో, అమ్మ జెరూసలేంలో పుట్టి ఎక్కడెక్కడో తిరిగి చివరికి సిడ్నీ చేరారు. నాన్న వెల్డర్, ఆ ఒపెరా హౌస్ ఉంది చూడండి, తెల్ల తెరచాపల్లాగా, మీ పిన్ని పంపిన ఫోటోల్లో ఉంటుంది, అది కట్టినప్పుడు అక్కడ పనిచేశాడు. అమ్మ నర్సు. గ్లాడిస్ 1970లో సిడ్నీలోనే పుట్టింది కానీ ఇంట్లో ఆర్మేనియన్ భాషే, అయిదేళ్ళు వచ్చేదాకా ఇంగ్లీషు రాదు. గవర్నమెంటు బడిలోనే చదువుకుంది.

ఇక్కడ ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి అన్నమాట. బళ్ళు, ఆస్పత్రులు, రైళ్ళు, పోలీసులు అన్నీ రాష్ట్రం చేతిలోనే, కేంద్రం అంటే ఇక్కడ ఢిల్లీకి బదులు కాన్‌బెర్రా. ఆవిడది లిబరల్ పార్టీ, పేరు అలా ఉన్నా ఇక్కడ అదే కుడివైపు పార్టీ, వ్యాపారస్తులూ సంప్రదాయవాదులూ ఎక్కువగా ఉండేది అందులోనే. వలసొచ్చిన వెల్డర్ కూతురు అటెందుకు వెళ్ళింది, కార్మికుల పార్టీ లేబర్ ఉండగా అని నేనూ అనుకున్నా. నాకు తోచింది ఏంటంటే, అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళ ఇంట్లో చర్చి, పిల్లల చదువు, పైసా పైసా కూడబెట్టడం, ఒకరి ముందు చెయ్యి చాపకపోవడం ఇవే పెద్దవి, ఆ మాటలే ఆ పార్టీ వాళ్ళూ మాట్లాడతారు. మనవాళ్ళలో కూడా అలా అటు ఓటేసేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది.

కాలేజీ రోజుల నుంచే యువజన విభాగంలో తిరిగి దానికి ప్రెసిడెంటయ్యింది, కామన్వెల్త్ బ్యాంకులో ఉద్యోగం చేసింది, 2003లో విలోబీ అనే సీటులో నిలబడింది. ఎన్ని ఓట్లతో గెలిచిందో తెలుసా? 144. మన పంచాయతీలో వార్డు మెంబర్లు కూడా అంతకంటే ఎక్కువతో గెలుస్తారు.

2011లో వాళ్ళ ప్రభుత్వం వచ్చాక రవాణా మంత్రి. నాకు ఆవిడ గురించి బాగా తెలిసింది ఈ కాలం వల్లే, ఎందుకంటే నేను రైలుకీ బస్సుకీ టికెట్ బదులు రోజూ వాడే ఓపల్ కార్డు అప్పుడు వచ్చిందే. అంతకుముందు లేబర్ వాళ్ళు ఇలాంటి కార్డే మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాగదీసి 2008లో చేతులెత్తేశారు, ఈవిడ పని పూర్తి చేయించింది. డ్రైవరు లేకుండా నడిచే మెట్రో పనులు కూడా ఆవిడ మంత్రిగా ఉన్నప్పుడే మొదలై 2019 మేలో రైలు నడిచింది, టాలవాంగ్ నుంచి చాట్స్‌వుడ్ దాకా 36 కిలోమీటర్లు. ఆ టాలవాంగ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఎంతమందో. చాట్స్‌వుడ్ ఏమో ఆవిడ నియోజకవర్గంలోదే! అన్నీ బాగానే జరిగాయని కాదులెండి, సిటీలో ట్రామ్ లైను 160 కోట్ల డాలర్లన్నది 290 కోట్లు దాటిపోయింది.

2015లో ఆర్థిక మంత్రి, 2017 జనవరిలో ప్రీమియర్. 2018లో ఏమందంటే, మన రాష్ట్రానికి వలస వచ్చేవాళ్ళని సగానికి తగ్గించాలి అంది. వలసొచ్చినవాళ్ళ బిడ్డే! రోడ్లూ బళ్ళూ సరిపోవట్లేదని ఆవిడ లెక్క. నాకు ఆ మాట అస్సలు నచ్చలేదు, మీ బాబాయ్ మాత్రం కరెక్టే కదా ట్రాఫిక్ చూడండి అన్నాడు, తను విమానం దిగి ఎన్నేళ్ళయిందని. తమాషా ఏంటంటే 2019 మార్చి ఎన్నికల ముందు లేబర్ నాయకుడు మైకేల్ డేలీ పాత వీడియో ఒకటి బయటికొచ్చింది, ఆసియా నుంచి పీహెచ్‌డీలు చదివినవాళ్ళు వచ్చి మన పిల్లల ఉద్యోగాలు తీసుకుంటున్నారు అన్నట్టు మాట్లాడాడు. అటూ అంతే ఇటూ అంతే. 93 సీట్లలో 48 వచ్చి గ్లాడిస్ గెలిచింది, ఈ రాష్ట్రంలో ఎన్నికల్లో గెలిచి ప్రీమియర్ అయిన మొదటి ఆడమనిషి ఆవిడే.

కోవిడ్‌లో రోజూ పదకొండింటికి టీవీలో కనిపించేది, జనం బాగా అలవాటు పడిపోయారు. కానీ 2021లో డెల్టా వచ్చినప్పుడు వలసోళ్ళు ఎక్కువుండే పశ్చిమం వైపు, మా పర్రమట్ట, బ్లాక్‌టౌన్ అన్నీ కలిపి, రాత్రి తొమ్మిది దాటితే కర్ఫ్యూ, బీచ్ దగ్గరుండేవాళ్ళకి అది లేదు. ఆ కోపం మావాళ్ళకి ఇంకా ఉంది.

ఇక అసలు ప్రశ్న. వాగా వాగా అనే ఊరి ఎమ్మెల్యే డారిల్ మగ్వైర్, ఆవిడ పార్టీవాడే, అతనితో ఆవిడకి 2015 నుంచి సంబంధం ఉంది, ఎవరికీ తెలీదు. అది వాళ్ళ సొంత విషయం అనుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. కానీ అతను తన ఊళ్ళో షూటింగ్ క్లబ్బుల సంఘానికి 55 లక్షల డాలర్లు కావాలని, సంగీతం బడికి కోట్ల డాలర్లు కావాలని తిరుగుతుంటే, ఆ డబ్బు గురించి నిర్ణయం తీసుకునే వాళ్ళలో ఈవిడా ఉంది. గుడి కమిటీలో ప్రెసిడెంటు అల్లుడి కొటేషన్ వస్తే ప్రెసిడెంటు ఏం చెయ్యాలి? ఇతను మావాడు అని చెప్పి లేచి పక్కకి జరగాలి. ఈవిడ చెప్పలేదు, జరగలేదు. 2018లో అతని మీద వేరే గొడవ బయటపడితే పార్లమెంటు వదిలి వెళ్ళిపోమని అందరి ముందూ అంది, లోపల సంబంధం అలాగే ఉంది. అతను ఫోన్లో తన బేరాల గురించి చెప్పబోతే, ఆ సంగతి నాకు తెలియక్కర్లేదు అని ఈవిడ అన్న రికార్డింగ్ కూడా విచారణలో వినిపించారు. నాకు మనసు విరిగింది అక్కడే. తెలీక అన్న మాట కాదు అది.

ఈ విచారణ చేసేది ఐకాక్, అవినీతి నిరోధక కమిషన్. దాన్ని 1988లో పెట్టిందెవరో తెలుసా, నిక్ గ్రైనర్ అనే ప్రీమియర్, ఈయనా లిబరలే, ఈయనా వలసే, హంగేరీలో పుట్టాడు. 1992లో ఆయన పెట్టిన కమిషనే ఆయన్ని పట్టుకుంది, పదవి పోయాక కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2014లో బారీ ఓఫారెల్ అనే ప్రీమియర్, మూడువేల డాలర్ల వైన్ సీసా నాకు రాలేదని కమిషన్ ముందు చెప్పాక, థాంక్స్ అని రాసిన చీటీ బయటపడి దిగిపోయాడు. మూడోది గ్లాడిస్, తన మీద విచారణ అని కమిషన్ ప్రకటించిన రోజే, 2021 అక్టోబర్ 1న, రాజీనామా చెప్పేసింది. 2023 జూన్‌లో రిపోర్టు వచ్చింది, తీవ్రమైన అవినీతి ప్రవర్తన అని రాశారు, సంబంధం దాచి నిర్ణయాల్లో కూర్చుందని, అతని మీద అనుమానం వచ్చినా చెప్పలేదని. క్రిమినల్ కేసు మాత్రం పెట్టమనలేదు, కాబట్టి మిన్నీ, జైలేమీ లేదు. గ్రైనర్ లాగా ఈవిడా కోర్టుకెళ్ళింది, 2024లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆవిడ వాదన కాదన్నారు. ఈలోపు 2022లోనే ఆప్టస్ అనే ఫోన్ కంపెనీలో పెద్ద ఉద్యోగంలో చేరిపోయింది.

అంటే పదవి పోయింది ప్రేమించినందుకు కాదు మిన్నీ. రైలు తెప్పించినందుకు మెచ్చుకుంటా, ఇది మాత్రం మాఫీ చెయ్యను, మీ పిన్ని నన్ను మరీ కఠినం అంటుంది.

చిన్నూ, నువ్వు అడిగింది మర్చిపోలేదు, మన ఇండియా వాళ్ళెవరైనా అక్కడ అంత పైకి వచ్చారా అని. గ్లాడిస్ కూర్చున్న ఆర్థిక మంత్రి కుర్చీలోకి 2023లో డేనియల్ ముఖీ వచ్చాడు, లేబర్ పార్టీ, పంజాబ్ నుంచి వలసొచ్చినవాళ్ళ అబ్బాయి, పార్లమెంటులో భగవద్గీత మీద ప్రమాణం చేసినాయన. ఆయన గురించి ఇంకోసారి రాస్తా, మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించండి.

మీ అమ్మమ్మ