ఆయాసం లేని రోజు కూడా మందెందుకు?

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. "ఇవాళ ఆయాసం లేదు కదా, పంపు (ఇన్‌హేలర్) ఎందుకు పీల్చాలి?" అని ఉబ్బసం ఉన్న పిల్లలు ఇంట్లో వాదిస్తుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే ఊపిరితిత్తుల్లోకి, అక్కడి కణాల్లోకి, ఆ కణాల కేంద్రకంలోకి వెళ్ళాలి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000 ఉంటాయి. కంటిలోనూ అవే, కాలేయంలోనూ అవే. హార్మోనియం మెట్లన్నీ ఎప్పుడూ అక్కడే ఉన్నా, ఏవి నొక్కితే ఆ రాగమే పలుకుతుంది కదా! కణం తీరు కూడా అంతే, ఏ జన్యువులు పనిలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పనిలో ఉన్న జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు తయారవుతాయి. ఆ నకళ్ళను కొలిస్తే ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో తెలిసిపోతుంది.

ఇక అలర్జీ ఉబ్బసం సంగతి. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని పురుగులుంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటి తిండి. వాటి మలం దుమ్ములో కలిసి మన ఊపిరితో లోపలికి పోతుంది. అందులో ఉండే డెర్ పి 1 అనే ఎంజైమ్ శ్వాసనాళాల లోపలి పొరలో కణానికీ కణానికీ మధ్య ఉన్న అతుకులను తెంచుతుంది. దెబ్బతిన్న కణాలు టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33 లాంటి ప్రోటీన్లను వదిలి రక్షణ కణాలను పిలుస్తాయి. అలా వచ్చిన ఒక రకం తెల్లకణాల్లో ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 తయారుచేసే జన్యువులు జోరందుకుంటాయి. వీటిలో 5 శ్వాసనాళాల్లో వాపు తెచ్చే ఇసినోఫిల్ అనే తెల్లకణాలను పెంచి పోషిస్తుంది. 4 వల్ల అలర్జీ యాంటీబాడీ ఐజీఈ తయారవుతుంది. నా దృష్టిలో అసలు సంగతంతా 13 దగ్గరే ఉంది. అది తిరిగి శ్వాసనాళపు పొర మీదికే వచ్చి, స్టాట్6 అనే ప్రోటీన్‌ను కేంద్రకంలోకి పంపి, అక్కడి జన్యువుల పనితీరునే మార్చేస్తుంది. మ్యూక్5ఏసీ జన్యువు చురుకై చిక్కటి కఫం ఊరుతుంది. నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. దారి ఇరుకై పిల్లికూతలు వినిపిస్తాయి.

ఇదంతా ఊహ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రెస్కాట్ వుడ్రఫ్, జాన్ ఫేహీల బృందం ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళ శ్వాసనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి, చిన్న బ్రష్‌తో కొన్ని కణాలను తీసి ఆర్‌ఎన్‌ఏ కొలిచింది. ఇంటర్‌ల్యూకిన్-13 కదిలించే పెరియోస్టిన్ లాంటి కొన్ని జన్యువులు ఆరోగ్యవంతుల్లో కన్నా ఎక్కువ చురుగ్గా ఉన్నాయనీ, వాపు తగ్గించే మందైన పీల్చే స్టెరాయిడ్ వాడాక అవి నెమ్మదించాయనీ 2007లో ప్రకటించారు. 2009లో ఇంకో ముఖ్యమైన విషయం తేల్చారు: ఈ జన్యువుల జోరు దాదాపు సగం మందిలోనే ఉంది, స్టెరాయిడ్ బాగా పనిచేసిందీ వాళ్ళకే. పేరు ఒకటే అయినా లోపల జబ్బులు వేరు! ఒకరికి పడ్డ మందు పక్కింటి పిల్లాడికి పడకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, కానీ వాపును నడిపే జన్యువులను అణచదు. రోజూ పీల్చమనే స్టెరాయిడ్ దారి వేరు. అది కణంలోకి వెళ్ళి, ఒక గ్రాహకాన్ని (మందు సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) పట్టుకుని, కేంద్రకంలోకి చేరి, వాపు పుట్టించే జన్యువులను సద్దుమణిగేలా చేస్తుంది. ఇది నిమిషాల్లో అయ్యే పని కాదు, పూర్తి ఫలితానికి వారాలు పట్టవచ్చు. మానేస్తే ఆ జన్యువులు మళ్ళీ చురుకవుతాయి. అందుకే హాయిగా ఉన్న రోజు కూడా మందు పీల్చాలి. పంపు వ్యసనంలా పట్టుకుంటుందన్న మాట నిజం కాదు. మృగశిర కార్తెకు చేప ప్రసాదం కోసం హైదరాబాద్ వెళ్ళే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ వెళ్ళొచ్చాక ఇన్‌హేలర్ ఆపేయడం మాత్రం ప్రమాదం, దయచేసి ఆ పని చేయకండి.

జన్యువులు అమ్మానాన్నల నుంచి వచ్చినవే అయినా, వాటిని కదిలించేది చుట్టూ ఉన్న గాలీ దుమ్మూ కూడా. అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. ఇద్దరి పూర్వీకులూ యూరప్ వాళ్ళే, జన్యువుల్లో పోలిక చాలా ఎక్కువ. ఆమిష్ వాళ్ళ ఇళ్ళ పక్కనే పశువుల పాకలుంటాయి, హటరైట్ల పొలాలు మాత్రం పెద్ద యంత్రాలతో నడుస్తాయి. 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఉబ్బసం ఆమిష్ పిల్లల్లో సుమారు 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్ ఇళ్ళ దుమ్ములో సూక్ష్మజీవుల నుంచి వచ్చే పదార్థాలు చాలా ఎక్కువ. పిల్లల రక్తంలోని తెల్లకణాల్లో జన్యువుల చురుకుదనమూ వేరుగా ఉంది. ఆమిష్ ఇళ్ళ దుమ్మును ఎలుకల ముక్కుల్లో వేస్తే వాటికీ ఉబ్బసం నుంచి రక్షణ దొరికింది! అలాగని ఉబ్బసం వచ్చాక దుమ్ములో ఆడమని కాదు, అది వేరే సంగతి.

మీరు చేయగలిగినవి రెండున్నాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికించండి. స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు.

మీ
తాతయ్య