ముట్టుకున్నాడా కాదు, ఎంత బరువు పడింది

పర్లాకిమిడి,
సంక్రాంతి వెళ్ళిన వారం

పిల్లలకు,

కనుమ నాడు కోసిన వరి మడిలో జరిగిన ఫుట్‌బాల్ ఫైనల్ అయిపోయి వారం దాటింది. గెలిచిన జట్టు బహుమతి మేకపోతును తోలుకుపోయింది. మీ గొడవ మాత్రం తీరలేదు. ఆఖరి నిమిషంలో రిఫరీ ఇచ్చిన పెనాల్టీ న్యాయమా కాదా అని రెండు కట్లు కట్టారు. "వాడి కాలు తగల్లేదు తాతా, తనంతట తనే పడ్డాడు" అని కొందరు. "తగిలింది, నేను గీత దగ్గరే ఉన్నాను" అని ఇంకొందరు. దీనికి తోడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక చీటీ రాసి పంపింది: "ఓడిపోతున్న జట్టుకి కోచ్‌ని మారిస్తే నిజంగా బాగుపడుతుందా?" రెండూ మంచి ప్రశ్నలే. రెండిటికీ జవాబు ఒక చోటే దొరుకుతుంది, ధాన్యం మండీలో.

ఈ నెలంతా మీ నాన్నలతో మండీకి వెళ్తున్నారు కదా. బస్తా కాటా మీద పెట్టగానే కళాసీ చెయ్యి తీసేస్తాడు. ముల్లు కాసేపు ఊగి నిలబడుతుంది. బస్తా కాటాను ముట్టుకుందా అని అక్కడ ఎవరైనా అడుగుతారా? ఎంత తూగింది అని అడుగుతారు. ఫౌల్ కూడా అంతే. ఆటకున్న 17 నియమాల్లో 12వది ఫౌళ్ళ గురించి చెబుతుంది. ఎదుటివాణ్ణి తన్నినా ఫౌలే, తన్నబోయినా ఫౌలే. కాలు అడ్డం పెట్టి పడేసినా, పడెయ్యబోయినా ఫౌలే అంటుంది. అంటే కాలు తగలకపోయినా ఫౌల్ కావచ్చు. దూసుకొచ్చే కాలు చూసి దెబ్బ తప్పించుకోవడానికి గెంతి పడ్డవాడు నటించినట్టు కాదు. తిరగేసి చెప్పుకుంటే, భుజం భుజం ఒరుసుకుని ఇద్దరూ బంతి కోసం పరిగెడుతున్నప్పుడు ఒకడు పడిపోయినా ఫౌల్ కానక్కర్లేదు. కాబట్టి మీ రెండు కట్లూ వారం నుంచి తప్పు ప్రశ్న మీద పోట్లాడుకుంటున్నాయి.

మరి రిఫరీ దేన్ని తూస్తాడు? ఆయన దగ్గర మూడు తూకపు రాళ్ళుంటాయి. మొదటిది ఏమరుపాటు. బంతి కోసం వెళ్ళాడు, జాగ్రత్త చాల్లేదు, ఎదుటివాడి కాలు తగిలించాడు. దీనికి ఫ్రీకిక్ ఒక్కటే, అంటే ఎదుటి జట్టు బంతిని ఆపిపెట్టి కొట్టుకుంటుంది, కార్డు లేదు. రెండోది దుడుకు. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా దూకాడు. దీనికి పచ్చకార్డు, అదే పసుపుది. మూడోది మితిమీరిన బలం. ఎదుటివాడి కాలో మోకాలో విరిగేలా పడ్డాడు. దీనికి ఎర్రకార్డు, ఇక బయటికే. పెట్టె బయట అయితే ఈ మూడిట్లో ఏదైనా ఫ్రీకిక్. అదే పని డిఫెండరు తన గోలు ముందు గీసిన 16.5 మీటర్ల పెట్టెలో చేస్తే పెనాల్టీ. బంతి ఎక్కడుందన్నది లెక్కకి రాదు, తప్పు ఎక్కడ జరిగిందన్నదే లెక్క. పెట్టె గీత కూడా పెట్టెలో భాగమే. గీత మీద కాలు అడ్డం పెట్టి పడేసినా పెనాల్టీయే, 11 మీటర్ల నుంచి కొట్టాల్సిందే. ఇది చాలామంది పెద్దవాళ్ళకీ తెలీదు.

ఇక పడిపోవడం సంగతి. కాటా మీద బస్తా ఉండగా ఎవరైనా బొటనవేలు ఆనిస్తే ఏమవుతుంది? ముల్లు దిగుతుంది, బస్తా బరువు మాత్రం పెరగదు. దెబ్బ తగిలినట్టు నటించి పడిపోవడాన్ని డైవింగ్ అంటారు, అది ఆ బొటనవేలే. నియమాల్లో దాన్ని మోసం చెయ్యబోవడం అన్నారు, శిక్ష పసుపు కార్డు. దాన్ని పట్టుకోవాలంటే కాళ్ళు చూడకండి, చేతులు చూడండి. నిజంగా కాలు తట్టుకున్నవాడు ఏం చేస్తాడు? చేతులు తమంతట తాము ముందుకో పక్కకో వస్తాయి, మొహం నేలకి కొట్టుకోకుండా. గట్టు మీద కాలు జారినప్పుడు మీ చేతులు ఎటు వెళ్ళాయో గుర్తు తెచ్చుకోండి. నటించేవాడికి నేల భయం లేదు. అందుకే రెండు చేతులూ పైకి లేస్తాయి, ఛాతీ ముందుకొచ్చి వీపు విల్లులా వెనక్కి వంగుతుంది, మోకాళ్ళు రెండూ ఒకేసారి మడుచుకుంటాయి. ఇంకో గుర్తు వేళ. దెబ్బ తగిలిన క్షణానికీ పడిన క్షణానికీ మధ్య ఒక అడుగు వేశాడంటే అనుమానించాలి. మూడోది మెడ. పడుతూనే రిఫరీ వైపు తిరిగిందా? వీటిలో ఏ ఒక్కటీ చాలదు. వేగంగా పరిగెత్తేవాడి వెనక మడమను కొంచెం తట్టినా, వాడి కాలు వాడి రెండో పిక్కకే తగిలి బోర్లా పడతాడు. చూడ్డానికి నాటకంలా ఉంటుంది కానీ అది నిజమైన ఫౌల్.

2002 ప్రపంచ కప్‌లో బ్రెజిల్, టర్కీ ఆడుతుంటే, కార్నర్ కొట్టడానికి నిలబడ్డ రివాల్డో మీదికి టర్కీ ఆటగాడు బంతి తన్నాడు. అది తొడకి తగిలింది. రివాల్డో మొహం పట్టుకుని కూలబడ్డాడు. టర్కీవాణ్ణి రిఫరీ బయటికి పంపేశాడు. తర్వాత రివాల్డోకి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా జరిమానా వేసింది కానీ బయటికి వెళ్ళినవాడి ఆట తిరిగి రాలేదు. దీనికి ఎదురుగా ఇంకో కథ. 1997 మార్చిలో ఆర్సెనల్ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ గోల్‌కీపర్ సీమన్‌ని తప్పించుకుంటూ పడ్డాడు. రిఫరీ పెనాల్టీ అన్నాడు. ఫౌలర్ లేచి, వద్దు, నన్ను తగల్లేదని చేతులూపాడు. రిఫరీ మాట మార్చలేదు. ఫౌలరే కొట్టాడు, సీమన్ ఆపాడు. తిరిగొచ్చిన బంతిని జట్టులో ఇంకొకడు గోలు చేశాడు. ఫలితం మారకపోయినా, లేచి ఆ మాట చెప్పినవాణ్ణి చూసి మీరు నేర్చుకోవాలి. కాటా మీద తన బొటనవేలు తనే తీసేసినవాడు వాడు.

రిఫరీ ఎందుకు తప్పు చూస్తాడంటే, నిలబడ్డ చోటు వల్ల. కాటా ముల్లును పక్కనుంచి చూస్తే ఒక గీత ఎక్కువో తక్కువో కనిపిస్తుంది కదా, అలాగే. ఇద్దరు ఆటగాళ్ళ వీపుల వెనక నుంచి చూస్తే కాలికీ కాలికీ మధ్య ఉన్న జానెడు ఖాళీ కనిపించదు. అందుకే మంచి రిఫరీ మైదానానికి అడ్డంగా, ఒక మూల నుంచి ఎదురు మూలకి పరిగెడతాడు. ఆట తనకీ, గీత పక్కన జెండా పట్టుకునే లైన్‌మన్‌కీ మధ్యలో ఉండేలా చూసుకుంటాడు. మరీ దగ్గరికి పోడు. పది పదిహేను మీటర్ల దూరంలో, పక్క నుంచి చూస్తే ఖాళీ తెలుస్తుంది. 1986లో మెక్సికో ప్రపంచ కప్‌లో అర్జెంటీనా ఆటగాడు మారడోనా చేత్తో గోలు వేసినప్పుడు అంత పెద్ద మైదానంలో రిఫరీకి ఆ చెయ్యి కనిపించలేదు. లైన్‌మన్ జెండా ఎత్తలేదు. గోలు నిలిచిపోయింది. మన మడిలో రిఫరీకి లైన్‌మన్‌లు కూడా లేరు. ఆ పెనాల్టీ అప్పుడు ఆయన వెనక ఉన్నాడా, పక్కన ఉన్నాడా? మీలో ఎవరైనా అది చూశారా? అందరూ కాలే చూశారు.

ఇక్కడ పాత సంగతొకటి చెప్పాలి. కాటాలు రాకముందు ఈ వైపు ధాన్యం తూచేవారు కాదు, కుంచంతో కొలిచేవారు. రెండు అడ్డలు ఒక కుంచం. కొందరు కుంచం మీద గోపురంలా పోసి కొలిచేవారు, కొందరు కర్రతో అంచుకి సమంగా గీసేవారు. రెండు పద్ధతులూ చెల్లేవి. తగువు ఎప్పుడొచ్చేదంటే, ఇచ్చేటప్పుడు గీసి, పుచ్చుకునేటప్పుడు గోపురం పోసినప్పుడు. రిఫరీ దగ్గర అడగాల్సింది కూడా అదే. మొదటి సగంలో ఒక జట్టు భుజం తోపుడిని వదిలేశాడా? అయితే రెండో సగంలో రెండో జట్టుదీ వదిలేశాడా? ఆయన కొలత మొదటి పావుగంటలో తెలిసిపోతుంది. తెలివైన డిఫెండరు దాన్ని చూసుకుని ఆడతాడు.

టీవీ మ్యాచ్‌ల్లో బొమ్మను మళ్ళీ తిప్పి చూసే వీడియో రిఫరీ గురించీ మీరు అడిగారు. ఊరి బయట రోడ్డు మీద ధర్మకాటా ఉంది కదా, లారీ మొత్తాన్ని తూచేది. కిలో వంకాయల తగువుకి ఎవరూ ధర్మకాటాకి పోరు. వీడియో రిఫరీ కూడా ముఖ్యంగా నాలుగిటికి వస్తాడు: గోలా కాదా, పెనాల్టీయా కాదా, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డిచ్చిన పొరపాటు. మామూలు ఫ్రీకిక్‌కి రాడు. నాలుగిట్లో కూడా పొరపాటు అందరికీ తేటతెల్లంగా కనిపించాలి. అటూ ఇటూ చెప్పుకోదగ్గదైతే మైదానంలో ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. 2018 ప్రపంచ కప్‌లో ఇది మొదటిసారి వచ్చింది. ఒక మెలిక చెప్తాను, టీవీ ముందు కూర్చున్నప్పుడు పనికొస్తుంది. బొమ్మను నెమ్మదిగా తిప్పితే ఎక్కడ తగిలిందో తెలుస్తుంది కానీ ఎంత గట్టిగా తగిలిందో తెలీదు, ప్రతి దెబ్బా ఘోరంగానే కనిపిస్తుంది. అందుకే బలం తూచాలంటే మామూలు వేగంలో చూడమని ఆ పద్ధతిలోనే రాశారు.

నియమం తెలీక పోట్లాడితే ఎంత పోతుందో చూడండి. 2023 మార్చి 3న బెంగళూరులో మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్. అదనపు సమయంలో బెంగళూరుకి ఫ్రీకిక్ వచ్చింది. కేరళ బ్లాస్టర్స్ గోల్‌కీపర్ గోడ, అంటే బంతికి అడ్డంగా నిలబడే తన ఆటగాళ్ళ వరస, సర్దుకుంటుండగానే సునీల్ ఛెత్రి కొట్టేశాడు, గోలు. కేరళ కోచ్ ఆటగాళ్ళని బయటికి తీసుకుపోయాడు. దేశపు ఫుట్‌బాల్ సంఘం కేరళ క్లబ్బుకి 4 కోట్ల జరిమానా వేసింది, కోచ్‌ని 10 మ్యాచ్‌లు ఆపింది. నియమం ఇది: ఫ్రీకిక్ కొట్టేవాడు త్వరగా కొట్టెయ్యొచ్చు, విజిల్ అక్కర్లేదు. ఎదుటివాళ్ళు 9.15 మీటర్లు దూరం జరగాలన్నది కొట్టేవాడి మేలుకోసం పెట్టింది. కానీ రిఫరీ తానే ఆట ఆపి, గోడను వెనక్కి జరపడం మొదలుపెట్టాడంటే విజిల్ వేసేదాకా ఆగాల్సిందే. ఆ రోజు రిఫరీ చేతిసైగ ఏ అర్థంతో చేశాడన్నదే తగువు. దానికి మందు ఒకటే. ఫ్రీకిక్ అని వినగానే వెళ్ళి బంతి ముందు నిలబడిపోకండి, అది తప్పు. గోల్‌కీపర్ మాత్రం గోడ వైపు కాదు, బంతి వైపు చూస్తూ అరవాలి.

ఇక కోచ్ సంగతి. మళ్ళీ మండీకే పోదాం. ఒక మనిషి ఇరవై బస్తాలు పట్టి కుట్టాడనుకోండి. అన్నీ సరిగ్గా 50 కిలోలు ఉండవు. ఒకటి 49, ఒకటి 51, ఒకటి 48. ఆ 48 కిలోల బస్తా తూగగానే యజమానికి కోపమొచ్చి కుట్టేవాణ్ణి మార్చేశాడు. తర్వాతి బస్తా 50 తూగింది. కొత్తవాడు భలేవాడు అన్నాడు. కానీ పాతవాడే కుట్టినా తర్వాతి బస్తా చాలామటుకు 48 కంటే ఎక్కువే తూగేది, ఎందుకంటే 48 అరుదు. కోచ్‌ని ఎప్పుడు మారుస్తారు? వరసగా ఓడినప్పుడు. అంటే తేలిక బస్తాలు వరసగా వచ్చినప్పుడు. ఆ తర్వాత ఎవరొచ్చినా చాలామటుకు కొంత పైకి లేస్తుంది.

అలాగని కోచ్‌లు ఉత్తుత్తి మనుషులని కాదు. కొత్త కోచ్ వస్తే బెంచీ మీద కూర్చున్నవాడికి ఆట దొరుకుతుంది, ఎదుటి జట్టు రాసిపెట్టుకున్న లెక్కలు పనికిరావు, అందరూ కొన్నాళ్ళు ఒళ్ళు వంచి పరిగెడతారు. మన ఒడిశా ఎఫ్‌సీనే చూడండి. 2023లో కోచ్ జోసెప్ గొంబావు వెళ్ళిపోయాక తాత్కాలికంగా వచ్చిన క్లిఫర్డ్ మిరాండా ఏప్రిల్ 25న కోళికోడ్‌లో బెంగళూరుని 2-1తో ఓడించి సూపర్ కప్ తెచ్చిపెట్టాడు, క్లబ్బుకి మొదటి కప్పు. 2012లో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ మార్చిలో కోచ్‌ని మార్చి, మేలో యూరప్ క్లబ్బుల కప్పు ఎత్తింది. కానీ 2018లో స్పెయిన్ ప్రపంచ కప్ మొదలయ్యే ముందురోజు తన కోచ్ లోపెతెగీని తీసేసింది. ఆయన చేతిలో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. నాలుగో మ్యాచ్‌లో రష్యా చేతిలో పెనాల్టీల్లో ఓడి ఇంటికొచ్చింది. గెలిచిన కథలు మనకు గుర్తుంటాయి. అందుకే కథలతో తేల్చకుండా లెక్కతో తేల్చుకోవాలి.

ఆ లెక్క మీరే చెయ్యండి. ఒక రూపాయి బిళ్ళ తీసుకోండి. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి. రెండు వందల సార్లు ఎగరేసి వరసగా రాసుకోండి, నలుగురు పంచుకుంటే గంట పట్టదు. వరసగా మూడు బొరుసులు వచ్చిన ప్రతిచోటా ఆగండి. మొదటిసారి "కోచ్ మారాడు" అని పక్కన గీత గీయండి, రెండోసారి గీయకండి, మూడోసారి గీయండి, ఇలా ఒకటి విడిచి ఒకటి. ఆపైన ప్రతిదాని తర్వాత వచ్చిన మూడు ఎగరవేతల్లో ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టి, గీత ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు రాయండి. సున్నా నుంచి సగటున సుమారు ఒకటిన్నర దాకా రెండు వైపులా ఎలా లేస్తుందో చూడండి. రూపాయి బిళ్ళకి కోచ్ లేడు.

వచ్చే ఆదివారం గుణుపురం జట్టు మన మడికి వస్తుందంటున్నారు. ఇద్దరు కాళ్ళు చూడండి, ఇద్దరు చేతులు చూడండి, ఒకరు మాత్రం బంతిని పూర్తిగా వదిలేసి మ్యాచంతా రిఫరీ ఎక్కడ నిలబడ్డాడో కాగితం మీద చుక్కలు పెట్టండి. ఆ కాగితమూ, రూపాయి లెక్కా రెండూ నాకు పంపండి.

మీ
తాత