గోడంటే పెద్ద కాన్వాస్ కాదండీ

రాజమండ్రిలో మ్యూరల్స్, అంటే గోడల మీద పెద్ద బొమ్మలు వేస్తుంటాను. 2027 పుష్కరాలు దగ్గర పడే కొద్దీ స్టూడియో ఆర్టిస్టుల ఫోన్లు ఎక్కువయ్యాయి. అందరిదీ ఒకటే మాట: "గోడంటే పెద్ద కాన్వాసే కదండీ, గళ్లు కట్టి స్కెచ్ పెంచేస్తే పోలా?"

పోదు. గోడ నేలలోంచి లేస్తుంది. మన డెల్టాలో కాలవలు, చేలు కలిసి ఆ నేలను ఆరనివ్వవు. ఇటుక ఆ చెమ్మని పైకి పీలుస్తుంది. నీరు ఆవిరయ్యాక ఉప్పు రంగు వెనకే పేరుకుని, పొరని పెచ్చులుగా తోసేస్తుంది.

నా మొదటి గోడ అమలాపురం వైపు కాలవ గట్టున ఓ ప్రహరీ. ప్లాస్టరింగ్ అయి రెండు వారాలే. ప్రారంభోత్సవం ముంచుకొస్తోందన్న టెన్షన్‌లో వేసేశాను. కొబ్బరి తోట, పడవ, వెనక లాకులు. జనం వచ్చి ఫొటోలు దిగారు. ఒక్క వానాకాలం దాటేసరికి పడవ అడుగు ఊడింది. "పడవ మునిగిందండీ" అని ఎదురు టీ కొట్టాయన కబురు పెట్టాడు. మళ్లీ వేయడానికి నా ఫీజు మొత్తం పోయింది, పైన అప్పు.

ఇప్పుడు గోడ చూడందే రేటు చెప్పను. చిన్న ప్లాస్టిక్ షీటుని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేస్తాను. గోడ వైపు నీటి చుక్కలు పట్టాయా, పని మొదలెట్టను. కొత్త ప్లాస్టరింగ్‌కి కనీసం 28 రోజులు ఆగుతాను. చెమ్మని లోపలే బిగించే ఎనామిల్ పెయింట్ జోలికి పోను. కింది మూడడుగుల్లో ముఖాలూ చేతులూ పెట్టను. ఎండకి ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు నిలుస్తాయి. చవక గులాబీ ముందు వెలుస్తుంది.

ఇక మిగతావి. ఒప్పుకున్న మొత్తమంతా ఫీజు కాదు: ప్రైమర్, పరంజా, కూలీలు, జీఎస్టీ అందులోవే.

విగ్రహాల పనులూ వస్తాయి. రోడ్డు మీద విగ్రహానికి అనుమతి ఉందా అంటే "మేం చూసుకుంటాం" అని కమిటీ వాళ్లు అంటారు. రోడ్లు, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకి అనుమతులివ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి కాగితం చూడందే అడ్వాన్సు ముట్టుకోకండి.

డబ్బిచ్చినవాళ్లు బొమ్మని ఏమైనా చేసుకోవచ్చన్నదీ అపోహే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి ప్రభుత్వం తీసేసిన కంచు మ్యూరల్‌ని, దాన్ని చేసిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి తిరిగివ్వమని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది.

"పెద్ద పని ఎప్పుడూ చేయలేదు, నన్నెవరు నమ్ముతారు?" అని భయపడేవాళ్లని మాత్రం విసుక్కోలేను. అంగన్‌వాడీ గోడతో మొదలెట్టండి. మొన్న కొత్తపేట నుంచి ఒకమ్మాయి అలాంటి గోడ ఫొటోనే పంపింది, షీటు నిండా చుక్కలు. "ఏం చేయమంటారు మాస్టారూ?" అంది. గోడ మొదట్లో వాన నీరు నిలవకుండా ముందు చిన్న కాలవ తీయించమన్నాను.