బహుమతుల లెక్కలో రంగస్థలానుభవం: ఔత్సాహిక నాటక సమాజాల నేపథ్యం

తెలుగునాట ఏ ఊరి ఔత్సాహిక నాటక సమాజంలోనైనా ఒక సీనియర్ నటుణ్ణి సభకు పరిచయం చేసేటప్పుడు ముందుగా వినిపించేది అతడు ఎన్ని పరిషత్తులలో, అంటే నాటక పోటీలలో ఆడాడు, ఎన్నిసార్లు ఉత్తమ నటుడుగా ఎంపికయ్యాడు అన్న లెక్క. సొంత ఊళ్లో, తనను రోజూ చూసే జనం ముందు ఆ నాటకాన్ని ఎన్నిసార్లు ఆడాడన్న ప్రశ్న సాధారణంగా రాదు. అడిగితే చాలా సమాజాల నుంచి వచ్చే జవాబు ఒకటి రెండు ప్రదర్శనలకు మించదు. ఆఫీసులు వదిలాక నెలల తరబడి రిహార్సల్స్ చేసి నిలబెట్టిన నాటిక పోటీల కాలం ముగియగానే మూలపడుతుంది, మరుసటి సంవత్సరానికి కొత్త స్క్రిప్టు కోసం వెతుకులాట మొదలవుతుంది. నటుడి అనుభవాన్ని ప్రేక్షకుల ముందు గడిపిన రాత్రులతో గాక న్యాయనిర్ణేతల ముందు గడిపిన గంటలతో కొలిచే ఈ పద్ధతి నాటకం పుట్టిన నాటిది కాదు. అది ఏర్పడడానికి సుమారు డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది.

ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం రాజమండ్రిలో ప్రదర్శనలిచ్చి వెళ్లిన తరవాత, 1880లో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు వేయించడంతో ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. అంటే మొదటి నటులు విద్యార్థులు, నడిపించినవాడు బడిపంతులు. నాటకం వారిలో ఎవరికీ జీవనోపాధి కాదు. బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టి 1887లో చిత్రనళీయం ప్రదర్శించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు న్యాయవాది. అదే ఊళ్లో సుమనోరమ సభను నడిపి చారిత్రక నాటకాలకు పేరుపొందిన కోలాచలం శ్రీనివాసరావూ న్యాయవాదే. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ పగలు కోర్టులో వాదించి రాత్రి రంగం మీద నిలిచినవాడు. విజయనగరంలో 1892లో కన్యాశుల్కాన్ని మొదటిసారి ఆడినది జగన్నాథ విలాసినీ సమాజం, దానికి సంస్థానం అండ ఉండేది. టంగుటూరి ప్రకాశం చదువుకునే రోజుల్లో రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నడిపిన సమాజంలో చిలకమర్తి వారి నాటకాలలో వేషాలు కట్టాడు. ఆ తరం సమాజాలకు ఇల్లు, దీపాలు, దుస్తులు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే, ఏదో ఒక పోషకుడో, సభ్యుల చందాలో, టిక్కెట్ల మీద వచ్చిన కాసిని డబ్బులో కనబడతాయి.

సరిగ్గా అదే కాలంలో, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలది పూర్తిగా వేరే దారి. వారికి నాటకమే తిండి పెట్టింది. పిల్లలు తెర వెనకే పెరిగి, మాటలు వచ్చేసరికి లోహితాస్యుడి వేషమో ప్రహ్లాదుడి వేషమో కట్టేవారు. పాత్రకు అనుభవం రాత్రుల లెక్కన పోగయ్యేది, ఒకే నాటకం ఒకే ఊళ్లో మళ్లీ మళ్లీ ఆడవలసి వచ్చేది. ఔత్సాహిక సమాజాలకు చదువు, సాహిత్యాభిరుచి, కొత్త ఆలోచన ఉన్నాయి గానీ ఈ రోజువారీ సాధన ఎన్నడూ అబ్బలేదు. సురభి వారిని చిన్నచూపు చూసిన చదువుకున్న నటులు ఆ కాలంలో తక్కువేమీ కాదు. అయితే పాత్రలో ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ ఆగితే ప్రేక్షకుడు నవ్వుతాడో వారికి తెలిసినట్టు వీరికి తెలిసే అవకాశం లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో పద్యనాటకం ఊపందుకోవడంతో మరొక మార్పు వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలకు, హరిశ్చంద్రకు జనం విరగబడడం చూసి కాంట్రాక్టర్లు రంగంలో దిగారు. ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి, ఒక రాత్రికి నాటకం కట్టించి, టిక్కెట్లు అమ్మేవారు. ఎవరి పోర్షను వారికి కంఠతా వచ్చు కాబట్టి కలిసి రిహార్సల్ చేయవలసిన అవసరం కనబడలేదు. హార్మోనిస్టు సమర్థుడైతే చాలు, రంగం మీదికి వచ్చేదాకా కృష్ణుడూ అర్జునుడూ ఒకరినొకరు చూసుకోకపోయినా నాటకం నడిచిపోయేది. ఒకే నాటకంలో అంకానికొక కృష్ణుడు వచ్చిన ప్రదర్శనలు ఆ కాలపు ప్రేక్షకులకు వింత కాదు. పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తే వన్స్‌మోర్ పడేది, అందులో కథ ఎటు పోయినా అడిగేవాడు లేడు. ఈ పద్ధతి గొప్ప గాయక నటులను ఇచ్చింది, అందుకు సందేహం లేదు. కానీ కలిసికట్టుగా ఒక నాటకాన్ని మోయడమనే అలవాటును సమాజాల నుంచి అది తీసివేసింది. పేరున్నవారు బయటి నుంచి వస్తుంటే స్థానిక సభ్యుడికి నకులసహదేవుల వేషాలు, తెర లాగే పని, ప్రాంప్టింగు మిగిలాయి.

స్త్రీ పాత్రల విషయం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ ముడులు పడినది. సురభిలో మొదటి నుంచీ స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించగా, ఔత్సాహిక సమాజాలు చాలా కాలం మగవారి మీదనే ఆధారపడ్డాయి. ఆ పరిమితిలోంచే స్థానం నరసింహారావు వంటి మహానటుడు వచ్చాడు. తెనాలి రామవిలాస సభ రంగం మీద సత్యభామగా, చింతామణిగా, రోషనారగా, మధురవాణిగా ఆయన చూపిన నడక, చీరకట్టు, కనుసన్న స్త్రీలకే పాఠాలయ్యాయని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయితే ఊరూరా స్థానం నరసింహారావులు ఉండరు. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ వేయించిన నాటకంలో నాగమ్మ వేషానికి మీసం తీయనని పట్టుబట్టిన నందమూరి తారక రామారావుకు 'మీసాల నాగమ్మ' అనే పేరు మిగిలిన కథ అందరూ నవ్వుతూ చెప్పుకునేదే. కాలేజీ కుర్రాళ్లకు ఆ వేషాలంటే ఎంత ఇబ్బందిగా ఉండేదో కూడా ఆ కథ చెబుతుంది. చదువుకున్న కుటుంబాల స్త్రీలు రంగం మీదికి రావాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించి చూపినవాడు బళ్లారి రాఘవ. 1940లలో వామపక్ష ఉద్యమపు నాటక సంస్థ ప్రజానాట్యమండలి దళాలలో కార్యకర్తల ఇళ్ల ఆడవాళ్లు స్వయంగా వేషాలు కట్టారు. ఈ రెండు ప్రయత్నాలూ స్థానిక సమాజాలలో నిలదొక్కుకోలేదు. ఉద్యమం చెదిరాక దానితో వచ్చిన స్త్రీలు రంగానికి దూరమయ్యారు. మిగతా సమాజాలు పారితోషికం మీద బయటి నుంచి నటీమణులను పిలిపించుకునే దారి పట్టాయి.

ఆ దారి నేటికీ మారలేదు. సమాజంలో మగ సభ్యులు తమ డబ్బు పెట్టి ఆడతారు, నటి మాత్రం ప్రదర్శనకు ఇంత అని మాట్లాడుకుని వస్తుంది. ఒకే సీజనులో మూడు నాలుగు సమాజాలకు పనిచేసే నటి ఒకే పరిషత్తులో ఒక రాత్రి తల్లిగా, మరో రాత్రి కోడలిగా కనబడుతుంది. ప్రదర్శనల సంఖ్యలో చూస్తే ఊరి సమాజాలలో అందరికన్నా ఎక్కువ రంగస్థలానుభవం ఉన్నది ఆమెకే. కానీ ఆమెను సమాజ సభ్యురాలిగా ఎవరూ లెక్కించరు, ఏ నాటకం వేయాలన్న చర్చకు పిలవరు. రిహార్సల్స్‌కు ఆమె వచ్చేది చివరి రోజుల్లోనే కాబట్టి అంతవరకు ఆమె మాటలను ఎవరో ఒకరు చదివి వినిపిస్తుంటే మిగతావారు గాలితో మాట్లాడినట్టు సాధన చేస్తారు. రచయితలు కూడా ఈ ఖర్చును దృష్టిలో పెట్టుకుని స్త్రీ పాత్రలను ఒకటికో రెండుకో కుదించి రాయడం అలవాటు చేసుకున్నారు.

పరిషత్తు విషయానికి వస్తే, చెల్లాచెదురుగా ఉన్న నాటక కళాకారులకు ఒక వేదిక కావాలని 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. పోటీలు తరవాత వచ్చాయి. ఈలోగా 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైంది, దానికి ఆధారం ధర్మవరం వారి నాటకం, తెర మీద కనబడినవారిలో సురభి నటులున్నారు. నాటకశాలలు సినిమా హాళ్లుగా మారాయి, గాయక నటులు మద్రాసు రైలెక్కారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడిన ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు ఆ దారినే వెళ్లారు. స్థానిక సమాజానికి సినిమా ఒక ఆశగానూ ఒక దెబ్బగానూ పరిణమించింది. బాగా ఆడేవాడు వెళ్లిపోతాడు, చూసేవాడు సినిమాకు పోతాడు.

నాటకం కోసం టిక్కెట్టు కొనే ప్రేక్షకుడు తగ్గిపోతున్న ఆ దశలోనే పోటీ పద్ధతి స్థిరపడింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, 1947 నాటి మా భూమి నాటకంతో ఊళ్లను కదిలించి, నిషేధాలకు గురైంది. దాని నుంచి వాస్తవిక ఇతివృత్తాన్ని, వాడుక మాటను అందిపుచ్చుకున్న సాంఘిక నాటకం మధ్యతరగతి ఉద్యోగుల చేతికి వచ్చింది. 1949లో ఆత్రేయ రాసిన ఎన్.జి.ఓ. ఆ ఉద్యోగుల బతుకునే రంగం మీద పెట్టింది. రైల్వే, విద్యుత్తు, తపాలా, బ్యాంకు ఉద్యోగుల సంఘాలు నాటక విభాగాలు పెట్టుకున్నాయి. ఇలాంటి సమాజానికి పరిషత్తు అన్ని విధాలా అనుకూలం. హాలు, మైకు, దీపాలు, ఆ రాత్రి భోజనం నిర్వాహకులవి, సమాజం వచ్చి ఆడి వెళితే చాలు, టిక్కెట్టు అమ్మే బాధ లేదు. తెనాలి, పాలకొల్లు, భీమవరం, చిలకలూరిపేట వంటి చోట్ల ఊరి పెద్దలు, వ్యాపారులు, దాతలు కలిసి ఏటా నాలుగైదు రాత్రులు ఈ పోటీలను పండుగలా జరిపించడం మొదలుపెట్టారు. పరిషత్తు లేకపోతే ఈ సమాజాలలో చాలా భాగం ఎప్పుడో మూతపడేవని ఒప్పుకోక తప్పదు.

నాటకం రూపాన్ని కూడా ఆ పోటీయే నిర్ణయించింది. ఒక రాత్రికి రెండు మూడు ప్రదర్శనలు ముగియాలి కాబట్టి సుమారు గంటసేపటి నాటిక ప్రధానమైంది. సెట్టింగు పది పదిహేను నిమిషాలలో నిలబడి, అంతే వేగంగా దిగాలి కాబట్టి ఒక హాలు, ఒక సోఫా, ఒక తలుపు మిగిలాయి. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ హాస్యనటుడు అని విడివిడిగా బహుమతులు ఉండడంతో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క ఘట్టం కేటాయించి రాసే పద్ధతి వచ్చింది. చివరి పది నిమిషాలలో తండ్రి పాత్ర కన్నీళ్లతో చెప్పే పెద్ద డైలాగు ఏ నాటికలో లేకుండా ఉంటుందో చెప్పడం కష్టం. పైనుంచి వేలాడే మైకుల కింద నిలబడి మాట్లాడే అలవాటు కూడా ఈ వేదికలదే. దాంతో నటులు ఒకే గీత మీద నిలబడి, ఎదుటి పాత్రను వదిలేసి సభవైపు తిరిగి మాట్లాడడం చాలామందిలో పాతుకుపోయింది. బాగా ఆడేవాడికి ఈ దోషాలు తెలుసు. అయినా మైకు అందుకోని మాటకు మార్కులు పడవని కూడా అతడికి తెలుసు.

ప్రభుత్వ పక్షాన 1957లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీ 1983లో రద్దయింది. 1998 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది నాటకోత్సవాలను జరపడం మొదలుపెట్టి పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక వంటి విభాగాలకు బహుమతులిచ్చింది. మొత్తం పెద్దదే, గౌరవమూ పెద్దదే, మూలపడిన పద్యనాటకానికి కొంత ఊపిరి కూడా వచ్చింది. కానీ అదీ పోటీయే. ఊరి సమాజం తన ఊళ్లో ఏడాది పొడుగునా ఆడుకోవడానికి ఉపకరించే చిన్న హాలు, చవక అద్దె, క్రమం తప్పని సాయం అనే మూడింటిలో ఏదీ ఆ పథకంలో లేదు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమండ్రి ఆనం కళాకేంద్రం, తెనాలి రామకృష్ణ కవి కళాక్షేత్రం వంటి మందిరాలు పెద్ద సభలకు తగినవి. వంద మంది వస్తే పండుగ అనుకునే నాటికకు అంత హాలు తీసుకోవడం ఏ సమాజానికైనా భారమే.

ఈ పరిస్థితుల్లో సమాజ సభ్యుడికి అబ్బేది ఒక ప్రత్యేకమైన అనుభవం. అతడు మధ్యాహ్నం వ్యానులో దిగి, తానెన్నడూ చూడని రంగాన్ని అడుగులతో కొలిచి, తలుపు ఎటువైపు పెట్టాలో, సోఫా ఎంత వెనక్కు జరపాలో అరగంటలో తేల్చుకుంటాడు. ముందు నాటిక ఆలస్యమై తన వంతు అర్ధరాత్రి దాటినా, మేకప్ చెమటకు కారుతున్నా, ప్రేక్షకుల్లో సగం మంది తోటి నటులే అయినా తడబడకుండా ఆడతాడు. తిరుగు ప్రయాణంలో ఆ రాత్రి ఎక్కడ పట్టు తప్పిందో అందరూ తెల్లారేదాకా వాదించుకుంటారు. ఆ వాదన తోటి నటుల పనితనం మీద నిశితంగా సాగే విమర్శ. పదిహేను ఊళ్లలో పదిహేను రకాల రంగాల మీద ఒకే పాత్రను నిలబెట్టడం చిన్న విద్యేమీ కాదు. అయితే ఒకే రంగం మీద ఒకే పాత్రను ముప్పై రాత్రులు ఆడితే మాత్రమే తెలిసే విషయాలు, అంటే నిన్న పండిన నవ్వు ఇవాళ ఎందుకు పండలేదో, ఏ మౌనం ఎంత సేపు నిలుస్తుందో వంటివి, అతడి చేతికి చిక్కవు. అలాంటి సాధన కోసం కొందరు ఆకాశవాణి నాటక విభాగంలో కళాకారుల స్థాయిని బట్టి ఇచ్చే బి, బి హై, ఎ గ్రేడుల వెంట పడ్డారు, మాట విరుపు అక్కడ నేర్చారు, అడుగు వేయడం మాత్రం అక్కడ నేర్చుకునేది కాదు.

పోటీ చట్రం నుంచి బయటపడే ప్రయత్నాలు లేకపోలేదు. సభ్యుల చందాలతో నెలకొక ప్రదర్శన ఏర్పాటుచేసే సంఘాలు కొన్ని నగరాల్లో ఉన్నాయి, అవి బయటి సమాజాలను పిలిపించి ఆడిస్తాయి. దీనివల్ల పరిషత్తులో గెలిచిన నాటికకు మరో రెండు మూడు ప్రదర్శనలు దక్కుతాయి. అయితే పిలుపు అందేది బహుమతి వచ్చిన నాటికకే కాబట్టి బహుమతి రాని సమాజానికి ఇక్కడా తలుపు తెరుచుకోదు. టిక్కెట్టు పెట్టి ఆడాలన్న ఆలోచన చర్చకు వచ్చినప్పుడల్లా సభ్యుల నుంచే మొదటి అభ్యంతరం వస్తుంది. డెబ్బై ఏళ్లుగా ఉచితంగా చూడడానికి అలవాటుపడిన ఊరివాళ్లు తమ పక్కింటి గుమాస్తా నటించే నాటకానికి డబ్బిచ్చి వస్తారన్న నమ్మకం వారిలో లేదు. వస్తారో రారో తేలాలంటే ఏదో ఒక సమాజం ఒకే నాటికను ఒకే చిన్న హాలులో కనీసం ఒక సీజనంతా వారం వారం ఆడవలసి ఉంటుంది.