కూల్‌డ్రింక్ సీసాలో గ్యాస్ సంగతి: అపోహలు - వాస్తవాలు

కూల్‌డ్రింకులు నింపే లైను మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. నా పని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. వాటిలో ఎక్కువ అనుమానాలు గ్యాస్ ఎలా నడుచుకుంటుందో తెలియక పుట్టినవే. అందుకే ముందు గ్యాస్ గురించే చెబుతాను.

అపోహ: బుస రావడానికి ఏదో పొడి కలుపుతారు.

వాస్తవం: పొడి ఏమీ ఉండదు. ఎక్కించేది కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అది అంత బాగా కరుగుతుంది, ఒత్తిడి పెంచితే ఇంకా కరుగుతుంది. 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త బీరు పులిసే తొట్ల మీద నిలిచే గ్యాస్‌ను నీళ్లలో కరిగించాడు. ఇవాళ మేం చేసేదీ అదే, కాకపోతే కొలిచి చేస్తాం. కోలా లాంటి డ్రింకు ఒక లీటరులో మూడున్నర నుంచి 4 లీటర్ల దాకా గ్యాస్ కరిగి ఉంటుంది.

అసలు కష్టం దాన్ని సీసాలోకి దించడంలో ఉంది. ఖాళీ సీసాలోకి డ్రింకును నేరుగా పోస్తే అంతా నురగై పొంగిపోతుంది. అందుకని ముందు సీసాను గ్యాస్‌తో నింపి, లోపలి ఒత్తిడిని ఫిల్లర్ (సీసాలు నింపే యంత్రం) ట్యాంకు ఒత్తిడికి సమానం చేస్తాం. అప్పుడు డ్రింకు సీసా గోడల వెంట నెమ్మదిగా దిగుతుంది. నిండాక ఒత్తిడిని మెల్లగా వదిలి వెంటనే మూత బిగిస్తాం. ఒకసారి డ్రింకును చల్లబరిచే మా చిల్లర్ యంత్రం మొరాయించి డ్రింకు నాలుగైదు డిగ్రీలు వేడెక్కింది. మూత పడేలోపే ప్రతి సీసా పొంగడం మొదలైంది, లైను ఆపక తప్పలేదు. ఆ నాలుగైదు డిగ్రీల విలువేంటో ఆ రోజు కళ్లారా చూశాను.

అపోహ: సీసాను ఊపితే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది.

వాస్తవం: మూత బిగించి నిలకడగా ఉన్న సీసాలో ఒత్తిడి ఊపినంత మాత్రాన పెద్దగా మారదు. మూత కింద ఉన్న గ్యాస్ సన్నటి బుడగలుగా డ్రింకులో కలిసిపోతుంది, అంతే. మూత తీయగానే కరిగి ఉన్న గ్యాస్ ఆ బుడగల్లోకి చేరి, వాటిని ఉబ్బించి, డ్రింకును బయటికి తోస్తుంది. కాసేపు కదపకుండా ఉంచితే బుడగలు పైకి తేలిపోతాయి, అప్పుడు తీసినా పొంగదు. ఒత్తిడిని నిజంగా పెంచేది వేడి. ఎండలో నిలిపిన కారులో సీసా వదిలేయకండి.

అపోహ: మిగిలిన డ్రింకు ఉన్న సీసాను నొక్కి, గాలి తీసేసి మూత పెడితే గ్యాస్ పోదు.

వాస్తవం: జరిగేది దీనికి తలకిందులు. నొక్కిన ప్లాస్టిక్ సీసా మళ్లీ ఉబ్బడానికి చూస్తుంది. ఆ చోటును నింపడానికి డ్రింకులోంచే గ్యాస్ బయటికి వస్తుంది. నొక్కకుండా గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడమే మేలు.

అపోహ: మూత దాకా నింపకపోవడం మోసం.

వాస్తవం: వేడికి డ్రింకు వ్యాకోచిస్తుంది, ఆ ఖాళీ అందుకే. లేబుల్ మీద రాసిన కొలత దాన్ని వదిలేసి లెక్కించిందే.

అపోహ: ప్లాస్టిక్ సీసాలోంచి గ్యాస్ బయటికి పోయే దారే లేదు.

వాస్తవం: ఈ సీసాలు చేసే పెట్ (PET) అనే ప్లాస్టిక్ గోడల గుండా గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది. చిన్న సీసాలో డ్రింకు తక్కువ, దానితో పోలిస్తే గోడ ఎక్కువ. అందుకే చిన్న సీసాలో గ్యాస్ త్వరగా తగ్గుతుంది. గాజు సీసాలకు, క్యాన్లకు ఈ బాధ దాదాపు లేదు.

అపోహ: వాడి పారేసిన సీసాలనే కడిగి మళ్లీ నింపుతారు.

వాస్తవం: గాజు సీసాల విషయంలో ఇది చాలాచోట్ల నిజమే, అందులో దాచేదేమీ లేదు. వేడి కాస్టిక్ సోడాలో కడిగి, ఒక్కొక్కటీ పరీక్షించాకే నింపుతారు. పల్చటి పెట్ సీసా ఆ వేడికి ముడుచుకుపోతుంది, అందుకే దాన్ని కడిగి మళ్లీ నింపరు. అది ముందు పరీక్షనాళిక అంత ఉండే ప్రీఫార్మ్‌గా వస్తుంది. దాన్ని వేడి చేసి, లోపల కడ్డీతో సాగదీసి, గట్టి గాలి ఒత్తిడితో అచ్చులో ఊదితే సీసా అవుతుంది.

అపోహ: జ్యూస్ నెలల తరబడి నిలిచిందంటే ప్రిజర్వేటివ్ వేసినట్టే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. పుల్లటి జ్యూసులను 85 నుంచి 95 డిగ్రీల వేడి మీదే సీసాలో పోసి, మూత పెట్టి పక్కకు వాల్చే పద్ధతి ఉంది. ఆ వేడికి మూత లోపలి భాగమూ శుద్ధి అవుతుంది. చల్లారాక లోపల ఒత్తిడి తగ్గి సీసా లోపలికి లాగుకుంటుంది. ఆ లాగుడును తట్టుకోవడానికే అలాంటి చాలా సీసాలకు నడుము దగ్గర పలకలు పెడతారు. ప్రిజర్వేటివ్ వేస్తే లేబుల్ మీద రాసి ఉంటుంది, చదవండి.

అపోహ: నాలుకకు అంత తీపి తగలట్లేదంటే చక్కెర తక్కువే.

వాస్తవం: ఇది నన్ను నిజంగా బాధపెట్టే అపోహ. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 330 మిల్లీలీటర్ల క్యాన్‌లో అది 35 గ్రాముల దాకా పోతుంది. చల్లదనం, పులుపు కలిసి ఆ తీపిని నాలుకకు తెలియనివ్వవు. గ్యాస్ పోయి వెచ్చబడిన కోలా ఒక గుక్క తాగి చూడండి, మీకే తెలుస్తుంది. పిల్లలకు ఇచ్చేముందు లేబుల్ మీద చక్కెర అంకె చూడమని అందరికీ చెబుతుంటాను.

చివరగా ఒక మాట. సీల్ తీయని గ్యాస్ డ్రింకు సీసా చేత్తో నొక్కితే రాయిలా గట్టిగా ఉండాలి. మెత్తగా నొక్కుకుపోయినా, మూత కింది రింగు ముందే తెగి ఉన్నా తాగకండి. సీసా మీద అచ్చేసిన కోడ్ చెరపకుండా కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఆ కోడ్ ఉంటే అది ఏ లైను మీద ఎప్పుడు నింపిన సీసానో వెతికి పట్టుకోగలం.